గడియ తీయ్

వంతెనను ఎత్తుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు ఇది జరిగింది. మా వీధిలో ఏళ్ళ లెక్క అలాగే ఉంటుంది. పిండిమర పెట్టింది చిన్న వరద ఏడు. మా నాన్న పోయింది ఆ తర్వాత ఐదో ఏడు. మిగిలినవన్నీ వంతెన వరదకు ముందూ, వంతెన వరదకు తర్వాతా.

ఆ రోజు పొద్దున పదింటికి మా తమ్ముడు పిండిమర తలుపు పగలగొట్టాడు.

సమ్మెట నాది. కొలిమి పక్కన గోడకు ఆనించి బొగ్గు తేవడానికి వెళ్ళాను. వచ్చి చూస్తే లేదు. ఎటు పోయిందా అని చూస్తుండగానే మొదటి దెబ్బ వినబడింది. ఇనుము చెక్కను తాకిన చప్పుడు నాకు కొత్త కాదు. రెండో దెబ్బకు పై బందు ఊడింది. చూడకుండానే తెలిసింది. చేతిలో ఉన్న పట్టకారుతోనే పరుగెత్తాను.

పిండిమర ఆయన లోపల గడియ వేసుకుని రాయికి గంట్లు కొట్టుకుంటున్నాడు. దుమ్ము వీధిలోకి పోతే జనం తిడతారని ఆ పని ఎప్పుడూ తలుపేసుకునే చేస్తాడు. ఆ గడియ పడిన చప్పుడు మా తమ్ముడి చెవిన పడింది. అంతే.

నేను వెళ్ళేసరికి తలుపు రెక్క రెండు ముక్కలై ఆయన మీద ఉంది. దాని కింద ఆయన మోచెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. తమ్ముడు ఆ చెక్కల మీద నుంచే నడిచి లోపలికి పోయాడు. పిండి బస్తాలు ఒక్కొక్కటీ చీలుస్తున్నాడు. తొట్టి బోర్లించాడు. రాయి కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఒళ్ళంతా పిండి, దాని మీద రక్తం. నోట్లో ఒకటే మాట.

"గడియ. గడియ. గడియ."

పిండిమర ఆయన కొడుకులిద్దరూ వచ్చారు. పెళ్ళాం బిడ్డలున్న మగాళ్ళు, మనిషికో ఇనుప బద్దతో వచ్చారు. టైర్ల షాపు వాడూ వచ్చాడు. ముగ్గురూ కలిస్తే గాని వాడిని బయటికి లాగలేకపోయారు. వీధిలో పడేసి కొట్టారు. చెవి చీలింది. పక్కటెముకల మీద పడ్డ దెబ్బలు నేను లెక్కపెట్టలేదు. వాడికి తెలుస్తున్నట్టే లేదు. కింద పడ్డవాడు పడ్డట్టే చెయ్యి చాచి టైర్ల షాపు వాడి గొంతు పట్టుకున్నాడు.

"వదలరా" అన్నాను.

వదల్లేదు.

"ఒరే, చస్తాడు, వదలరా!"

టైర్ల వాడి ముఖం నల్లబడుతోంది. కళ్ళు బయటికొస్తున్నాయి. పట్టకారు ఎత్తి తమ్ముడి కుడి మణికట్టు మీద కొట్టాను. ఎర్ర ఇనుమును పట్టే పట్టకారు, బరువైనది. ఎముక విరిగితే వచ్చే చప్పుడు వేరు. అది కూడా తెలిసింది.

ఆ చెయ్యి వడ్రంగి చెయ్యి.

మా ఇద్దరిదీ ఒకే షెడ్డు. తలుపులు, కిటికీలు చేసేవాళ్ళం. ఇనుము నాది, చెక్క వాడిది. బందులూ గడియలూ కొలిమిలో నేను కొట్టేవాడిని, వాడు చిత్రిక పట్టి, రెక్కలు బిగించి, నా గడియలు వాటికి అమర్చేవాడు. "అన్న కొడితే తమ్ముడు మూస్తాడు" అని వీధిలో ఎగతాళి. మాకూ నవ్వొచ్చేది. నా గడియ జారదు, వదులవదు. యముడు వచ్చినా ఈ గడియ ముందు బయటే నిలబడాలి అని బేరానికి వచ్చినవాళ్ళు అనేవాళ్ళు. నాకు గొప్పగా ఉండేది.

గడియ అన్న మాట మా షెడ్డులో రెండు రకాలు. అది చెప్పాలి, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా నాన్న కొలిమి దగ్గర నిలబడి పని నేర్పించేవాడు. ఇనుము ఇంకా ఎర్రబడకుండానే నేను బయటికి లాగబోతే "గడియ!" అని అరిచేవాడు. ఒక్క గడియ ఆగు అని. అలా అరిచాడంటే చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఆగాలి. ఆగకపోతే పట్టకారుతో వీపు మీద పడేది. పదేళ్ళప్పటి నుంచి విన్నాను. చెవికి కాదు, చేతికే అలవాటైపోయింది. తమ్ముడు కొలిమి దగ్గరికి వచ్చినవాడు కాదు. చిన్నప్పుడే చెక్కపనికి పోయాడు. వాడికి గడియ అంటే తలుపుకు వేసేదే.

వాడికి ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్ళది. పలకల దొంతర్ల మీద ఎక్కి దిగుతూ ఉండేది కాబట్టి ఉడుత అనేవాళ్ళం. అసలు పేరు బడిలోనే. "పెదనాన్నా, నీ మీసం మీద బొగ్గు కూర్చుంది, లేవమను" అనేది. నేను ఎక్కువ మాట్లాడను. నా బదులు కూడా అదే మాట్లాడేది.

వరద రోజు మధ్యాహ్నం బడి ముందే వదిలేశారు. ఉడుత ఎవరికీ చెప్పకుండా కలప గదిలోకి పోయి పొట్టు బస్తాల మీద పడుకుంది. తమ్ముడు అటుగా పోతూ తలుపు మూసి గడియ వేశాడు. లోపల చూడలేదు. కలప గదికి ఎప్పుడూ గడియ ఉండాలి, లేకపోతే చెమ్మకు పలకలు వంగుతాయి. గడియ వేయకుండా తలుపు దాటడం మా చేతులకు రాదు.

గంటలో నీళ్ళొచ్చాయి. మొదట మోకాళ్ళ దాకా, చూస్తుండగానే ఛాతీ దాకా. తమ్ముడు షెడ్డు రేకుల మీదికి ఎక్కి పనిముట్లు పైకి లాగుతున్నాడు. నేను కింద తాడు పట్టుకుని ఉన్నాను. కలప గది తలుపు నాకు పదడుగుల్లో ఉంది. నీళ్ళ మోతలో నాకేమీ వినబడలేదు. పైనుంచి వాడికి కలప గది వెంటిలేటరు కనబడుతుంది. అందులోంచి వేళ్ళు కనబడ్డాయి.

వాడు అరిచాడు. నాకు వినబడింది ఒక్క మాట.

"గడియ!"

నేను ఆగిపోయాను. తాడు పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే, పైకి చూస్తూ నిలబడ్డాను. ఏదో బరువైనది దింపుతున్నాడు, ఆగమంటున్నాడు అనుకున్నాను. వాడు మళ్ళీ అరిచాడు. "గడియ! గడియ!" ఇంకా గట్టిగా ఆగాను.

ఎంతసేపు అని అడిగితే చెప్పలేను. వాడు రేకుల మీదినుంచి నీళ్ళలోకి దూకేంత సేపు. నన్ను తోసుకుంటూ పోయి మునిగి గడియ పట్టుకున్నాడు. అది రాలేదు. నా గడియ కదా. చెక్క ఉబ్బింది, లోపల తేలిన పలకలు తలుపును నొక్కుతున్నాయి. అప్పుడు నాకు తెలిసింది. ఇద్దరం కలిసి లాగాం. తలుపు తెరుచుకున్నాక పలకలతో పాటే ఉడుత కూడా బయటికి వచ్చింది.

ముందే తీసి ఉంటే బతికేదా? తెలియదు. ఆ ప్రశ్న నాతో తింది, నాతో పడుకుంది.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తమ్ముడూ అడగలేదు. మొదటి ఏడు వాడు ఏడవలేదు, మాట్లాడలేదు, పని చేయలేదు. పైకప్పు కేసి చూస్తూ ఉండేవాడు. రెండో ఏడు మొదట్లో తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టాడు. తలుపుల వెనక నుంచి ఎవరో తడుతున్నారనేవాడు. ఆ తర్వాత విరగ్గొట్టడం. ముందు సొంత ఇంటి తలుపు, అడ్డం వెళ్ళిన మరదలి పై పన్ను దానితో పాటే పోయింది. ఆ తర్వాత చాకలి ఆయన తలుపు. ఆ తర్వాత పిండిమర.

"కట్టెయ్యి" అన్నారు ఆ రోజు అందరూ. పిండిమర ఆయన విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వీధిలో కూర్చుని ఉన్నాడు. "నా తలుపేమన్నా నీ తమ్ముడికి అత్తారింటి తలుపా, ఇష్టమొచ్చినట్టు రావడానికి? ఇదే చివరిసారి. మళ్ళీ ఈ వీధిలో కనబడ్డాడా, నా కొడుకులు చంపి కాలవలో వేస్తారు. చెప్పలేదని మాత్రం అనొద్దు."

కొడుకులు ఇనుప బద్దలు కింద పెట్టలేదు.

తమ్ముడిని ఈడ్చుకొచ్చి బొగ్గుల గదిలో వేసి గడియ పెట్టాను. అంతకన్నా తెలివితక్కువ పని మనిషి చేయడు. కాని చేశాను. ఆ గడియ పడిన చప్పుడుకు వాడు తలుపు మీద పడ్డాడు. విరిగిన చేత్తో కొట్టాడు, భుజంతో కొట్టాడు. ఆ తర్వాత తలతో. ఒక లెక్కలో కొట్టాడు, నేను సమ్మెట వేసినట్టే. తలుపు కింది సందులోంచి రక్తం బొగ్గుపొడిలో కలిసి నల్లగా బయటికొచ్చింది. నేను కొలిమి ముందు కూర్చుని చెవులు మూసుకున్నాను.

మరదలు కుట్టుమిషను మీదినుంచి లేచి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది.

"గడియ తీయండి బావగారూ."

"తీస్తే చంపేస్తాడమ్మా."

"తీయకపోతే చస్తాడు. ఏది నయం?"

నేను లేవలేదు. ఆమే తీసింది. నేను సమ్మెట పట్టుకుని పక్కన నిలబడ్డాను, తమ్ముడి తల మీద వేయడానికే. అబద్ధమెందుకు. వాడు గుమ్మంలోకి వచ్చాడు. నుదుటి మీద చర్మం లేదు. తెరిచిన తలుపు కేసి చూశాడు. గది మూలలు చూశాడు. ఆ తర్వాత మరదలి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. ఎవరినీ ఏమీ అనలేదు.

తలుపు తెరిస్తే కొట్టడు. అది నేను కళ్ళారా చూశాను. చూసి ఊరుకున్నాను.

"రేపే ఆసుపత్రికి" అంది మరదలు. "పిచ్చాసుపత్రి అంటారు అందరూ. అననివ్వండి. చచ్చినవాళ్ళని పెట్టుకుని ఏడవడానికి నాకు ఒకరు చాలు."

కలప మోసే ట్రాలీలో తాళ్ళతో కట్టి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ చిన్న మనిషి. గొంతు మాత్రం పెద్దది. తమ్ముడి ఒంటి మీద దెబ్బలన్నీ ఒక్కొక్కటే చూసి రాసుకుంది. మణికట్టు దగ్గర ఆగింది.

"ఇదెవరు?"

"నేను" అన్నాను.

తల ఎత్తి చూసి మళ్ళీ రాసుకుంది. "ఈ వార్డులో ముప్ఫైమంది ఉన్నారు పెద్దాయనా. ఎవరినైనా కొట్టినవాళ్ళు ఇద్దరు. కొట్టించుకుని వచ్చినవాళ్ళు ముప్ఫైమందీ. ఆ ఇద్దరితో కలిపే."

వార్డు మనిషి ఒకడున్నాడు. గుండు అంటారు, నున్నటి తల. మంచివాడు. కాని వాడికో ఊతపదం ఉంది. ఎవరేమడిగినా "ఒక్క గడియ" అంటాడు. మంచినీళ్ళడిగితే ఒక్క గడియ. డాక్టరమ్మ పిలిస్తే ఒక్క గడియ.

"నీ గడియకు గంటన్నర" అని మిగతా రోగులు నవ్వేవాళ్ళు.

మొదటి రోజే గుండు తమ్ముడి గది తలుపు బయటినుంచి గడియ వేస్తూ "ఒక్క గడియ, మాత్రలు తెస్తా" అన్నాడు. తిరిగొచ్చి తలుపు తీశాడో లేదో తమ్ముడు మంచం కోడు పీకి వాడి మోకాలి మీద కొట్టాడు. నలుగురు మీద పడి సూది వేశారు.

"టైము అడుగుతున్నాడమ్మా" అన్నాడు గుండు, కుంటుతూ. "ఒకటే గడియ, గడియ అంటాడు. ఎంతైందో చెప్పినా వినడు. నా వాచీ చూపించాను. లాక్కుని నేలకేసి కొట్టాడు. మా మామ పెట్టిన వాచీ!"

"పీడ విరగడైంది. ఎప్పుడూ అరగంట వెనకేగా" అన్నాడు పక్క గది ముసలాయన.

డాక్టరమ్మ గదిలో గోడ గడియారం పెట్టించింది, కాలం తెలియక భయపడుతున్నాడేమో అని. మూడో రోజుకు అది ముక్కలైంది. ఆ అద్దం పెంకుతోనే తన అరచెయ్యి చీల్చుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నాకు తెలుసు వాడు అడిగేది టైము కాదని. చెప్పాలంటే ఆ మాట ముందొకసారి నా చెవిన ఎలా పడిందో కూడా చెప్పాలి. మరదలు పక్కనే ఉంది. నేల చూశాను.

అలా ఇరవై రోజులు గడిచాయి.

మాత్రలు పని చేయలేదని కాదు. చేశాయి. వాడు నిద్రపోవడం మొదలుపెట్టాడు. మనుషులను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడు. గోడల్లోంచి వినబడే గొంతులు తగ్గాయని తానే చెప్పాడు. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఆయనకు రెండున్నాయి. ఒకటి జబ్బు. ఒంట్లో మిగతా జబ్బుల్లాంటిదే, దానికి మాత్రలున్నాయి, ఏళ్ళ తరబడి వేసుకోవాలి. రెండోది దుఃఖం. దానికి మాత్ర లేదు. మీకందరికీ వరద తీసింది. ఆయనకు ఇంకా తీయలేదు. ఆ నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు. అక్కడ ఏం చూస్తున్నాడో నాకు ఎవరైనా చెప్పాలి."

మరదలు తనకు తెలిసినది చెప్పింది. కూతురు కలప గదిలో పోయింది అని. ఆమె ఆ రోజు షెడ్డు దగ్గర లేదు. ఆ అరుపు సంగతి నాకు, వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

"మీకేమైనా తెలుసా పెద్దాయనా?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

ఇరవై ఒకటో రోజు పొద్దున తలుపు మూస్తూ గుండు అలవాటు కొద్దీ "ఒక్క గడియ ఆగవయ్యా" అన్నాడు. తమ్ముడు తలుపు మూతపడకముందే సందులో భుజం దూర్చాడు. గుండును కిందపడేసి తల పట్టుకుని నేలకేసి కొట్టాడు, మూడుసార్లు. చెవి కొరికాడు. ఆ కొరికిన ముక్క మళ్ళీ కుట్టడానికి రాలేదు. మేం వెళ్ళేసరికి వరండా అంతా రక్తం తుడిచిన మరకలు. తమ్ముడిని మంచానికి పట్టీలతో కట్టేశారు.

డాక్టరమ్మ గొంతు ఆ రోజు చిన్నదైంది. "ఇక నా చేతిలో లేదు. కటకటాల వార్డు ఒకటుంది, వేరే చోట. సాయంత్రం వ్యాను వస్తుంది."

"అక్కడినుంచి ఎప్పుడు పంపుతారు?" అంది మరదలు.

తలకు కట్టుతో గోడకు ఆనుకుని కూర్చున్న గుండే చెప్పాడు. "అక్కడ నేను ఆరేళ్ళు చేశానమ్మా. పగలూ రాత్రీ తలుపులకు బయటినుంచే గడియ. లోపలికి పోయేవాళ్ళనే చూశాను."

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆ మాట టైము కాదు. ఏమిటది? మీకు తెలుసు. ఆ మాట వచ్చినప్పుడల్లా మీరు నేల చూస్తారు."

రెండేళ్ళు నోరు కట్టేసుకున్నాను. సాయంత్రం వ్యాను.

"వాడి ముందే చెప్తాను" అన్నాను. "పట్టీలు విప్పించండి. తలుపు తెరిచే ఉంచండి."

"కొడతాడు."

"తెలుసు."

ఆమె ఇద్దరు మనుషులను గుమ్మంలో నిలబెట్టి పట్టీలు విప్పించింది. గుండు కూడా లేచి వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. తమ్ముడు మంచం అంచున కూర్చున్నాడు. కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"ఒరే" అన్నాను. "ఆ రోజు నువ్వు రేకుల మీదినుంచి అరిచావు. గడియ అన్నావు. నేను ఆగమన్నావనుకున్నాను, నాన్న కొలిమి దగ్గర అన్నట్టు. తలుపు పక్కనే ఉండి ఆగిపోయాను."

తమ్ముడు నా కళ్ళలోకి చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి.

"తీయ్ అన్నానా?" అన్నాడు.

"ఏంటీ?"

"గడియ తీయ్ అన్నానా, ఒట్టి గడియ అన్నానా? నువ్వు ఆగిపోయావు. నేను చూశాను. నేను తీయ్ అనలేదా? అనలేదు కదా. అందుకేగా ఆగావు. అన్నానో లేదో గుర్తు లేదన్నా. ఎంత అరిచినా గుర్తు రాదు."

అప్పుడు నాకు అర్థమైంది వాడు ఏ నీళ్ళలో నిలబడి ఉన్నాడో. నా చెవి కాదు, తన నోరే బిడ్డను చంపిందనుకుంటున్నాడు.

నాకు వినబడింది ఒట్టి గడియే. తీయ్ అన్నాడో, నీళ్ళ మోతలో పోయిందో దేవుడికి తెలియాలి.

"అన్నావు" అన్నాను. "గడియ తీయ్ అనే అన్నావు. నాకు వినబడింది. నేనే కదల్లేదు."

అది అబద్ధం. వాడు బతికున్నన్నాళ్ళూ దిద్దలేదు.

సిమెంటు కట్టు నా దవడ మీద పడింది. నేను స్టూలుతో సహా వెనక్కి పడ్డాను. నోట్లో రెండు పళ్ళు రాళ్ళలా దొర్లాయి. వాడు నా మీద కూర్చున్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ. దవడ ఒక పక్కకు జారిపోయింది. కట్టు పగిలి పొడి నా కళ్ళలో పడింది. ఎడమచెయ్యి నా గొంతు మీద పడింది. గుమ్మంలో వాళ్ళు కదిలారు. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. నోట్లో ఆ పాత మాటే వచ్చింది. రక్తంతో పాటు మింగాను.

"చంపుతాడమ్మా!" అని గుండు అరుపు.

నా రెండు చేతులూ నేల మీద పరిచి పెట్టాను. కొట్టించుకోవడం అంత హాయిగా ఉంటుందని అంతకుముందు తెలియదు.

కళ్ళు చీకట్లు కమ్మాక గొంతు మీద బిగువు తగ్గింది. ఏదో తడి నా ముఖం మీద పడుతోంది, నా రక్తం కాదు. వాడు నోరు తెరిచాడు.

"ఉడుతా" అన్నాడు. "ఉడుతా... నా తల్లీ..."

రెండేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది. పక్క వార్డులవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మరదలు వాడిని నా మీదినుంచి లేపి ఒళ్ళోకి లాక్కుంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"రెండేళ్ళు నా చేతి ముద్ద తిన్నారు బావగారూ" అంది. "రెండు పూటలా. ఒక్క ముద్ద కూడా గొంతులో అడ్డం పడలేదా?"

పడిందమ్మా, ప్రతి ముద్దా. దవడ లేదు, చెప్పలేకపోయాను. ఉన్నా చెప్పేవాడిని కాదు.

మధ్యాహ్నం నా దవడకు తీగ కట్టి, తల చుట్టూ గుడ్డ చుట్టారు. డాక్టరమ్మ వచ్చి కూర్చుంది.

"వ్యాను వద్దని చెప్పాను. వారం చూస్తాను. ఒక్క మాటతో జబ్బు పోయిందనుకోకండి, మాత్రలు మాత్రలే. కాని ఇకనుంచి ఆ తలుపు మూయం, ఆ మాట అనం. గుండు నోటికి తాళం వేయాలి." నా కట్టు కేసి చూసింది. "మీకూ వైద్యం కావాలి పెద్దాయనా. దవడకు కాదు."

నేను తలుపులు పగలగొట్టను కదా అని చేత్తో సైగ చేశాను.

"అందుకే" అంది.

వారం వారం వెళ్ళాను ఆమె దగ్గరికి, వాడితో పాటే. దవడ కుదిరాక కూడా మాటలు తక్కువే. అయినా వెళ్ళాను. తమ్ముడు తొమ్మిదేళ్ళు మాత్రలు మింగాడు. మధ్యలో రెండుసార్లు మానేశాడు, రెండుసార్లూ తలుపులు విరిగాయి, రెండుసార్లూ మళ్ళీ మింగాడు. చివరికి గుండెజబ్బుతో పోయాడు, మంచం మీద, తలుపు తెరిచి ఉండగా. పిండిమర ఆయన కొత్త తలుపు వాడి చేతే చేయించుకున్నాడు. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఉలి మాత్రం తిన్నగానే పట్టేవాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు.

డాక్టరమ్మతో మాట్లాడిన మర్నాడు పొద్దున్నే, స్క్రూడ్రైవరూ చిన్న సుత్తీ సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆసుపత్రి కార్పెంటరు సెలవులో ఉన్నాడు. ఉన్నా నేనే చేసేవాడిని. గుండు నన్ను చూసి నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చి మూసుకుని, చేత్తో రమ్మన్నాడు. తమ్ముడి గది తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బయటి గడియ పాతది, ఎవరో చేతగానివాడు బిగించింది. నాలుగు స్క్రూలు, తుప్పుపట్టాయి. మరదలు లోపల మూల కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. కాసేపటికి కాలితో స్టూలును గుమ్మం వైపు తోసింది. దాని మీద కూర్చున్నాను.

కుడి పక్క పైది తీయబోయాను. తిరగలేదు. బలం పెట్టాను. చెక్క కిర్రుమంది.

"అది కాదన్నా" అన్నాడు తమ్ముడు మంచం మీదినుంచి. గొంతు బొంగురుగా ఉంది. కొత్త కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపిస్తున్నాడు. "ఎడమ పక్కది ముందు తీయ్. లేకపోతే చెక్క చీలుతుంది."

ఎడమ పక్కది ముందు తీశాను.